గోడ జాతకం

మూడోసారి కూడా ఇరవై రెండే వచ్చింది.

డాక్టర్ పరాంకుశం స్కానర్‌ను వంటింటి గోడ మీంచి తీసి, దాని రబ్బరు మూతిని రుమాలుతో తుడిచి, జానెడు పక్కకు జరిపి మళ్ళీ ఆనించాడు. చిన్న కూత వినిపించింది. తెర మీద అంకె మారలేదు.

"నూటికి ఇరవై రెండు. మిషన్‌లో తప్పేం లేదమ్మా" అన్నాడు.

"అయితే తప్పు నాలో ఉందన్నమాట" అంది భార్గవి.

కాకినాడ జగన్నాథపురంలో, ఉప్పుటేరు పక్క వీధిలో ఉన్న ఆ రెండంతస్తుల ఇంటిని అమ్మడానికి ఆమె ఏడాదిగా అవస్థ పడుతోంది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఇల్లు అమ్మి చూడు అని ఎందుకనలేదో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. వాళ్ళ కాలంలో ఈ స్కానర్ లేదు.

స్కానర్‌ను కనిపెట్టినవాడు ఈ పరాంకుశమే. ఉప్పు ఇసుకతో కట్టిన అపార్ట్‌మెంట్లు మూడు ఒకే వానాకాలంలో కూలాక, గోడ లోపలి పగుళ్ళను పైనుంచే పట్టుకోవాలని తయారుచేశాడు. అది గోడలోకి మన చెవికి అందని శబ్దాన్ని పంపి, తిరిగొచ్చిన దాన్ని కొలుస్తుంది. కొలుస్తూ ఉండగా ఇంకో సంగతి బయటపడింది. ఇంట్లో ఎవరైనా గట్టిగా అరిచినప్పుడల్లా ప్లాస్టర్‌లో వెంట్రుకలో వెయ్యోవంతు చీలిక పడుతుంది. ఆ చీలికల లోతును బట్టి అరుపు ఎంత పెద్దదో, వాటి పొరలను బట్టి ఎప్పటిదో చెప్పొచ్చు. అందుకని రిపోర్టులో రెండు అంకెలు వేశారు. మొదటిది గోడ బలం, రెండోది శాంతి సూచిక.

మొదటి అంకెను చూసిన మనిషి ఈ రాష్ట్రంలో ఒక్కడూ లేడు. కొనేవాళ్ళందరూ రెండో అంకె మీద పడ్డారు. అది తొంభై దాటితే అదృష్టం కలిసొచ్చే ఇల్లు, నలభై లోపుంటే సంసారాలు కూలిన ఇల్లు. నిన్నటిదాకా ఈశాన్యంలో బరువుందని జనం చేత మెట్లు పగలగొట్టించిన సత్యలింగం ఇప్పుడు శాంతి కన్సల్టెంటు. రిపోర్టుకు గోడ జాతకం అని పేరు పెట్టిందీ ఆయనే. మూఢనమ్మకాలను పోగొట్టడానికి సైన్సు వస్తుందంటారు. ఇక్కడ సైన్సు వచ్చి మూఢనమ్మకానికి అంకెలు నేర్పి వెళ్ళింది.

భార్గవి ఆ రిపోర్టును సవాలు చేసింది. దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టింది. చివరికి పోరు పడలేక కనిపెట్టినవాడే స్వయంగా వచ్చాడు.

"ఇరవై ఆరేళ్ళుగా ఈ ఇంట్లో గట్టిగా అరవని రోజు లేదమ్మా. ఇదిగో, పోయిన శ్రావణంలో అయితే పదకొండు నిమిషాలు ఆగకుండా. ఇంత పెద్ద గీత నేనెక్కడా చూడలేదు" అన్నాడు పరాంకుశం. తరవాత గొంతు తగ్గించి, "గొడవ పెద్దదే జరిగినట్టుంది" అన్నాడు.

భార్గవికి అరికాలి మంట నెత్తికెక్కింది.

వరండాలో పడక్కుర్చీలో కూర్చున్న మనిషిని చూపించింది. ఆయన ఆమె భర్త నూకరాజు. రైస్ మిల్లులో బాయిలరు పక్కన ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. నరానికి అతికించే చిప్పులు వచ్చాయి గానీ ఆయన నరం అతికించడానికి పనికిరానంతగా దెబ్బతింది. ఉరుము వినపడదు, లారీ హారను వినపడదు. భార్గవి నాభి నుంచి గొంతెత్తి పిలిస్తే మాత్రం వినపడుతుంది.

"ఆరోజు ఉప్పుటేరు పొంగిందండి. సైరన్ మోగింది. ఈయన కింద గదిలో నిద్దరోతన్నారు. నేను మేడ మీదున్నాను. మెట్ల మీద నడుం లోతు నీళ్ళు, దిగడానికి లేదు. అక్కడి నుంచే అరిచాను. లేవండీ, మంచం ఎక్కండీ, కిటికీ చువ్వ పట్టుకోండీ, ఎడం పక్కకి రండీ అని. నా గొంతు పట్టుకుని పైకొచ్చారండి. మీకది గొడవలా కనపడిందా?"

పరాంకుశం తెరను ఆమె వైపు తిప్పాడు. "గోడకు మాట తెలియదమ్మా. బలం ఒక్కటే తెలుస్తుంది" అన్నాడు.

"ఆ ముక్క రిపోర్టు మీద రాయండి మరి."

"రాశాం. కింద, చిన్న అక్షరాల్లో."

"నా మొగుడికి చెవుడని కూడా రాయండి."

"దానికి గడి లేదు" అన్నాడు ఆయన. నిజానికి మంచివాడే. అదే ఆమెకు మరీ ఒళ్ళుమండే సంగతి. దుర్మార్గుడైతే నాలుగు దులిపి పంపేది. మంచివాడికి కాఫీ ఇచ్చి పంపాల్సి వచ్చింది.

సముద్రం ఏటేటా ఇంకో గజం లోపలికి వస్తోంది. మళ్ళీ శ్రావణం వచ్చేలోగా చెవులు లేని ఆ మనిషిని మెరకకు చేర్చాలి. భార్గవికి కావలసింది అదొక్కటే. సామర్లకోటలో రెండో అంతస్తులో ఫ్లాటు చూసుకుంది. దాని ఓనరు మూడు నెలలు ఆగుతానన్నాడు. ఈ ఇల్లు పోతేగాని అది రాదు.

సత్యలింగం ఇల్లంతా తిరిగి చూసి పెదవి విరిచాడు.

"కొత్త ప్లాస్టర్ కొట్టిస్తే ఏదో దాచారంటారమ్మా. గోడకి కాపడం పెట్టడమొక్కటే దారి" అన్నాడు.

కాపడం అంటే గోడలకు అక్కడక్కడా బిళ్ళలు అతికిస్తారు. అవి రాత్రింబవళ్ళు సన్నగా మూలుగుతూ ఉంటే ఆ చీలికలు మెల్లగా పూడతాయి. పన్నెండు వారాలు పడుతుంది. ఆ పన్నెండు వారాల్లో ఇంట్లో ఒక్క కేక పడినా, మానుతున్న పుండును గీరినట్టు అన్నీ మళ్ళీ తెరుచుకుంటాయి.

"అంటే నేను ఆయనతో మాటాడకూడదు."

"మాటాడండమ్మా, ఎవరు కాదన్నారు? మెల్లగా మాటాడండి."

"మెల్లగా మాటాడితే ఆయనకి వినపడదు కదండీ సత్యలింగంగారూ."

"పలక కొనండి" అన్నాడు సత్యలింగం. ఆయనకు అది చాలా తేలిక.

భార్గవి పలక కొంది. చెవిటివాళ్ళకు తమ గొంతు ఎంత పెరిగిందో తెలియదు గనక నూకరాజు చేతికి ఒక పట్టీ కట్టారు. గొంతు కాస్త పెరిగితే చాలు, అది చురుక్కుమనేది. ఊళ్ళో గొడ్డుకు కూడా అంత హీనమైన సరంజామా కట్టరు. ఆయన మాత్రం చెయ్యి ఎత్తి చూసుకుని, "వాచీలాగే ఉంది" అన్నాడు. చురుక్కుమంది.

అంతకుముందు ఆ ఇంట్లో సాయంత్రాలు వేరుగా ఉండేవి. భార్గవి వంటింట్లో కూర తాలింపు వేస్తూ పేపర్లో వార్తలన్నీ కేకలేసి చెప్పేది. నూకరాజు వరండాలోంచి ప్రతి వార్తకూ ఎదురు వాదించేవాడు. మునిసిపాలిటీ కుళాయిల దగ్గర మొదలై, వాళ్ళ పెద్దాడపడుచు పెళ్ళిలో పూతరేకులు ఎవరు దాచారన్నదాకా పోయేది. వీధిలో పోయేవాళ్ళు కూడా గేటు దగ్గర ఆగి ఓ మాట వేసి వెళ్ళేవారు. ఆ మాటలన్నీ ఇప్పుడు పలక మీదికి రావాలి. 'పప్పులో ఉప్పు సరిపోయిందా' అని రాయడానికి ఉండే ఓపిక, పూతరేకుల గురించి తగువులాడుకోవడానికి ఉండదు. నాలుగో వారానికి పలక మీద మూడే మాటలు మిగిలాయి. అన్నం. మందు. నిద్ర.

భార్గవి కోపం వచ్చినప్పుడల్లా నూకరాజును ఇంట్లో వదిలి సముద్రపు ఒడ్డుకు పోయి అరిచేది. అక్కడ ఆమె ఒక్కతే కాదు. ఇల్లు అమ్మకానికి పెట్టినవాళ్ళు సగం ఊరు ఉండేవారు. మొగుడూ పెళ్ళాలు ఆటో కట్టించుకుని వచ్చి, చెప్పులు విప్పి, కడుపులో ఉన్నదంతా తిట్టుకుని, మళ్ళీ అదే ఆటోలో నోళ్ళు మూసుకుని వెళ్ళేవారు. అట్లాంటి ఇళ్ళకు తొంభై అయిదు వస్తుంది. నలుగురూ నవ్వుకుంటూ బతికిన ఇంటికి అరవై వస్తే గొప్ప, ఎందుకంటే పకపకా నవ్వితే కూడా ప్లాస్టర్ చీలుతుంది.

పదో వారంలో ఒక ఉదయం నూకరాజు మేడ మెట్లు దిగబోతున్నాడు. పై మెట్టు మీద సబ్బు నీళ్ళు ఒలికి ఉన్నాయి. భార్గవి కింద నుంచి చూసింది. నోరు తెరిచింది. కేక గొంతు దాకా వచ్చింది. పది వారాలు గుర్తొచ్చాయి, శ్రావణం గుర్తొచ్చింది. నోరు మూసుకుని పరుగెత్తింది. అందుకోలేకపోయింది.

మణికట్టు విరగలేదు గానీ వంకాయంత వాచింది. నూకరాజు మెట్టు మీద కూర్చుని ఆమె ముఖంలోకి చూసి, "చూశావు కదా. పిలవొచ్చు కదే" అన్నాడు. వాచిన చేతికే ఉన్న ఆ పట్టీ చురుక్కుమంది. 

ఆ రోజంతా భార్గవి ఎవరిని తిట్టాలో తెలియక గిన్నెలు తోమింది. మెల్లగా, చప్పుడు కాకుండా తోమింది. పరాంకుశాన్ని తిట్టుకుంది, సత్యలింగాన్ని తిట్టుకుంది. అన్నిటికంటే ఎక్కువ తన మీదే అసహ్యం వేసింది.

పన్నెండు వారాలకు తొంభై ఒకటి వచ్చింది.

మర్నాడే బేరం కుదిరింది. కొనడానికి వచ్చిన ఆలుమగలు గదులన్నీ గుసగుసలాడుకుంటూ తిరిగారు. భార్గవి ఉండబట్టలేక, గోడ మీద నడుం ఎత్తున ఉన్న ఉప్పు చార చూపించి, "వానాకాలం ఏరు లోపలికొస్తుందండి. ముందే చెప్తన్నాను" అంది.

"మోటారు పెట్టుకుంటాంలెండి. ఇంత ప్రశాంతమైన ఇల్లు మళ్ళీ దొరుకుతుందా" అంది ఆవిడ, తొంభై ఒకటిని వేలితో తడుముతూ.

సామర్లకోటలో రిజిస్ట్రేషన్ నాడు పాత ఓనరు తాళాలు చేతిలో పెడుతుంటే భార్గవి నోటి వెంట వచ్చిన మొదటి మాట, "మీ ఫ్లాటుకి శాంతి సూచిక ఎంతండీ?" తొంభై ఏడని విన్నాక గుండె నెమ్మదించింది కూడా. ఏం అడిగిందో ఆ తరవాత అర్థమై చెంపలు వాయించుకోవాలనిపించింది.

సామాను దింపాక తలుపు వేసింది. నూకరాజు చేతి పట్టీ ఊడదీసి చెత్తబుట్టలో పడేసింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి రైలు పట్టాలు చూస్తున్నాడు. భార్గవి హాలు మధ్యలో నిలబడి పన్నెండు వారాల ఊపిరి కూడదీసుకుని పిలిచింది.

"ఏవండోయ్."

ఆయన తిరగలేదు.

వేళాకోళం ఆడుతున్నాడనుకుంది. ఇంకా గట్టిగా పిలిచింది. దగ్గరికెళ్ళి చెవి పక్కన నోరు పెట్టి పిలిచింది. ఆయన ఆమె ఊపిరి తగిలి తిరిగాడు. ఆమె పెదవులు కదలడం చూశాడు. ఆయన ముఖంలో మొదట నవ్వు, తరవాత అనుమానం, ఆ తరవాత భయం కనిపించాయి.

చెవి డాక్టరు పరీక్షలన్నీ చేశాడు. "ఇన్నేళ్ళూ మీ గొంతు రోజూ తగులుతూ ఉండబట్టి ఆ కాస్త నరమైనా బతికి ఉందమ్మా. మూడు నెలలు దానికి పని లేకుండా పోయింది. ఇక రాదు" అన్నాడు.

చెవులు లేని మనిషిని నీళ్ళ నుంచి కాపాడబోయి, ఆయనకు మిగిలిన ఆ ఒక్క దారీ తన చేతులతోనే పూడ్చేసింది. ఇందులో ఎవరి నేరమూ లేదట. అందరూ నియమాల ప్రకారమే చేశారట.

ఏడాది తిరిగింది. ఆ ఏడాది పడిన చీలికలను మాత్రమే లెక్కించే అపార్ట్‌మెంటు వార్షిక రీడింగులో భార్గవి ఫ్లాటుకు తొంభై తొమ్మిది వచ్చింది. జిల్లాలో అంతకంటే ఎక్కువ ఎవరికీ రాలేదు. 'ఆదర్శ గృహం' అని చెక్కిన ఇత్తడి పలక ఒక చేత, స్కానర్ ఇంకో చేత పట్టుకుని డాక్టర్ పరాంకుశమే వచ్చాడు. వెనక అసోసియేషన్ వాళ్ళు నలుగురు, ముందు నడుస్తూ సత్యలింగం.

పరాంకుశం ఆమెను గుర్తుపట్టాడు. సంతోషంగా, "చూశారా అమ్మా, ఆ రోజు నా మీద కోప్పడ్డారు. దిగిన మొదటి రోజు తప్ప ఏడాదంతా ఒక్క కేక కూడా లేదు. ఎలా సాధించారు?" అని అడిగాడు.

"అరిచి లాభం లేక మానేశానండి" అంది భార్గవి. ఆయనకు అర్థం కాలేదని చూసి, మెట్ల నుంచి డాక్టరు దాకా జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పింది.

పరాంకుశం చేతిలోని ఇత్తడి పలకను కిందికి దించాడు. "నాకు తెలియదమ్మా" అన్నాడు.

"మీ గోడకీ తెలియదు."

సత్యలింగం సర్దిచెప్పబోయాడు. "పోనీలెండమ్మా, దైవ నిర్ణయం. ఈ అంకెతో మీ ఫ్లాటు ఎప్పుడమ్మినా—"

అప్పుడు భార్గవి అరిచింది. మొదట భర్త పేరు, తరవాత తిట్లు, తరవాత వట్టి గొంతు. ఉప్పుటేరు పొంగిన నాడు కూడా ఆమె అంత గట్టిగా అరవలేదు. పరాంకుశం చేతిలో స్కానర్ కూయడం మొదలుపెట్టింది. సత్యలింగం గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. పై అంతస్తులోనూ కింది అంతస్తులోనూ తలుపులు తెరుచుకున్నాయి. తమ అంకెలు కూడా పడిపోతాయని జనం మెట్ల మీదికి పరుగెత్తుకొచ్చారు. ఎదురు అపార్ట్‌మెంటు బాల్కనీల్లో సైతం మనుషులు లేచి నిలబడ్డారు.

కిటికీ దగ్గర నూకరాజు ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. ఒక కాయలో పుచ్చు కనిపిస్తే పక్కన పడేసి ఇంకోటి తీసుకున్నాడు.