మెషీన్లో తిరిగిన ఉంగరం

ఆ ఇంట్లో ఫ్రిజ్ తెరవాలంటే ముందు కత్తెర వెతుక్కోవాలి. ఆదివారం పొద్దున పాల కోసం వెళ్ళిన అమ్మకి, పై తలుపు పిడినీ కింద తలుపు పిడినీ కలిపి నల్లదారంతో వేసిన ముడులు ఎదురయ్యాయి. లాగితే ఊడే రకం కావవి. కప్పుల చెవులకి ముడులు, కుర్చీ చేతులకి ముడులు, ఆఖరికి నాన్న కళ్ళజోడు తాడుకి కూడా ముడులే. కూతురు హౌస్ సర్జన్‌గా ఆపరేషన్ల వార్డులో చేరినప్పటి నుంచీ ఇదే తంతు. కుట్టు వేశాక ముడి ఒంటి చేత్తో, చూడకుండా, రెప్పపాటులో పడాలట. పెళ్ళి కుదిరిన పిల్ల కాబోయే మొగుడితో ఫోన్లో కబుర్లాడుతూ కూడా మంచం కోళ్ళకి ముడులు వేస్తూ కూర్చుంటే ఏ తల్లికి మాత్రం ఒళ్ళు మండదు?

పైగా ఆ రోజు కాబోయే వియ్యపురాలు కొడుకుని తీసుకుని భోజనానికి వస్తోంది. పెళ్ళి తేదీ అనుకోవాలి. నాన్న ముద్దుగా చిట్టి డాక్టరని పిలుచుకునే ఆ పిల్లేమో రాత్రి డ్యూటీ చేసి, థియేటర్లో వేసుకునే ఆకుపచ్చ బట్టల్తోనే ఇంటికొచ్చింది. వాటిని మాసిన బట్టల బుట్టలో పడేసి, స్నానం చేసి, అమ్మ భుజం మీద వాలిపోయింది. పెద్ద డాక్టరు తనచేత మొదటిసారి చివరి కుట్లు వేయించారట. ముడి లాగి చూసి "ఊఁ" అన్నారట. ఆ ఊఁ విలువ నీకు తెలీదమ్మా అని చెబుతూ చెబుతూనే నిద్రలోకి జారుకుంది.

ఆదివారం బట్టలుతకడం నాన్న హక్కు. రిటైరైన లెక్కల మాస్టారాయన. మెషీన్ దగ్గరికి ఇంకొకర్ని రానివ్వడు. బుట్ట బోర్లించి, తలుపు వేసి, మీట నొక్కాడు. కాసేపటికి లోపల్నుంచి టక్, టక్ అని చప్పుడు మొదలైంది. గుండీ అయ్యుంటుందిలే అని పేపరు తీసుకున్నాడు.

చుట్టాలు రానే వచ్చారు. వియ్యపురాలు చెడ్డ మనిషేం కాదు, కాకపోతే మొహమాటం లేని మనిషి. భర్త అచ్చాఫీసులో రాత్రి షిఫ్టు ఫోర్‌మన్‌గా చేసి, ఆ ఉద్యోగంలో ఉండగానే పోయాడు. ఒక్కడే కొడుకు, బళ్ళో డ్రాయింగ్ మాస్టారు. వీలు దొరికిన సాయంత్రమల్లా ఆసుపత్రి గేటు దగ్గర స్కూటరు ఆపుకుని చిట్టి డాక్టరు కోసం కాచుకుంటాడు. చెరువు చుట్టూ ఒక చుట్టు, చెరో ఐస్‌క్రీమ్, తర్వాత ఇంటి దగ్గర దింపడం. ఆ చుట్టులో రోగుల ఊసూ, బడి ఊసూ ఎత్తకూడదని ఇద్దరికీ ఒప్పందం. సగం చుట్టైనా తిరక్కుండానే ఇద్దరూ తప్పుతారు, ఒకరి తప్పు ఒకరు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటారు.

నిద్రమొహం కడుక్కుని వచ్చి మంచినీళ్ళు అందిస్తున్న అమ్మాయి చేతి మీద ఆవిడ చూపు ఆగిపోయింది. వేలు బోడిగా ఉంది. తన బంగారు గాజు కరిగించి, మనసుపడి చేయించిన ఉంగరమది.

"ఉంగరమేదమ్మా?"

అమ్మాయి వేలు చూసుకుంది. పరుగున వెళ్ళి బుట్ట చూసింది. బుట్ట ఖాళీ. బీరువాలో ఉందని చెప్పేస్తే ఆ పూట గడిచిపోయేదే. కానీ ఆ పిల్లకి అబద్ధం నోటిదాకా రాదు.

"మెషీన్లో ఉందత్తయ్యా," అంది తిరిగొచ్చి.

లోపల్నుంచి టక్, టక్ హాల్లో అందరికీ వినిపించింది.

ఆపరేషన్‌కి ముందు మోచేతుల దాకా కడుక్కోవాలనీ, వేలికి ఉంగరం ఉండకూడదనీ అమ్మాయి చెప్పింది. అందుకని దాన్ని పైజామా బొందుకి దారంతో కట్టుకుని లోపలికి దోపుకుంటుంది. బయటికి రాగానే దారం కత్తిరించి వేలికి పెట్టుకుంటుంది. ఈ పొద్దున మాత్రం కుట్లు వేసిన సంబరంలో మరిచేపోయింది. నాన్న అప్పటికే మెషీన్ ముందు చతికిలబడ్డాడు. ఉతకడం అయ్యేదాకా ఆ తలుపు తెరుచుకోదు. మధ్యలో ఆపితే నీళ్ళన్నీ ఒక్కసారే పోతాయి, ఉంగరం ఊడి ఉంటే వాటితోపాటే కొట్టుకుపోతుందేమోనని ఆయన బెంగ.

"ఊడదు నాన్నా. ముడి వేసింది నేను," అంది అమ్మాయి.

ఆ ధీమా వియ్యపురాలికి పుండు మీద కారం చల్లినట్టయింది.

"నా బాధ ముడి గురించి కాదమ్మా," అంది. "పాతికేళ్ళు కంచం మీద మూత పెట్టుకుని కూర్చున్నదాన్ని. ఆయన తెల్లారి బోడి వేలితో ఇంటికొచ్చేవారు. ఉంగరం అచ్చు మిషన్లో చిక్కితే వేలే పోతుందే, తీసేశాను అనేవారు. తీసి ఎక్కడ పడేసేవారో! ఆ ఉంగరం సెలవు రోజునే కనపడేది, మనిషీ అంతే. నా కొడుక్కి ఆ బతుకొద్దు. కంటి డాక్టరువో, చర్మం డాక్టరువో అవ్వు. లేదంటే నీ చదువంతా అయ్యాకే పెళ్ళి మాట చూసుకుందాం."

అమ్మ కంగారు పడిపోయింది. దాన్ని మేం ఒప్పిస్తాం వదినగారూ, మీరు మనసులో ఏం పెట్టుకోకండి అని గబగబా అనేసింది. అమ్మాయికి అత్తగారి మాట కన్నా అమ్మ మాటే ఎక్కువ గుచ్చుకుంది. డ్రాయింగ్ మాస్టారు నోరు తెరవబోతే వాళ్ళమ్మ చేత్తోనే వారించింది.

చిట్టి డాక్టరు వెళ్ళి కాబోయే అత్తగారి ఎదురుగా కూర్చుంది.

"ఆలస్యం కానని మాటివ్వలేనత్తయ్యా. ఇస్తే అబద్ధమవుతుంది. కంచం మీద మూతలు మా ఇంట్లోనూ ఉంటాయి, ఒక్కోసారి నేను పెడతాను, ఒక్కోసారి ఆయన పెడతారు. నేను ఆపరేషన్ల డాక్టర్నే అవుతాను, మీ అబ్బాయినే చేసుకుంటాను. ఒకదాని కోసం ఇంకోదాన్ని ఆపను. అక్కడ అందరికీ లాకర్లున్నాయి. ఉంగరాలు అందులో పెట్టి తాళం వేసుకుంటారు. అదే తేలిక. నాకే మనసొప్పలేదు. నా ఒంటి మీదే ఉండాలనిపించింది, అందుకే కట్టుకున్నాను."

మెషీన్ రొద పెంచి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. టక్ టక్ ఆగిపోయింది. నీళ్ళతోపాటే పోయిందేమోనని నాన్న వంగి లోపలికి చూశాడు. అందరూ ఒక్కొక్కరే వెళ్ళి ఆ గుండ్రటి అద్దం ముందు నిలబడ్డారు. ఆ కాసేపు ఆడపెళ్ళివారూ, మగపెళ్ళివారూ అన్న తేడా లేకుండా అందరి ప్రాణాలూ ఆ మెషీన్లోనే తిరిగాయి.

చివరికి క్లిక్‌మంది. నాన్న తలుపు లాగి, మెలిపడిన బట్టల ముద్దని బయటికి తీశాడు. తువ్వాళ్ళు, చొక్కాలు, వాటి మధ్య ఆకుపచ్చ పైజామా. బొందు చివర ఉంగరం తళతళలాడుతూ వేలాడుతోంది. ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

వియ్యపురాలు పైజామా అందుకుని ఉంగరం పట్టి లాగింది. రాలేదు. గట్టిగా లాగింది. అయినా రాలేదు. ఇన్ని నీళ్ళలో ఇన్ని గిరికీలు కొట్టీ ముడి నలుసంతైనా సడలలేదు. లాగుతున్న చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆవిడ పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"ఆయన చొక్కాలన్నిటికీ ఎడమ జేబు లోపల పిన్ను చిల్లులుండేవి," అంది ఎవరితోనో చెబుతున్నట్టు. "మంచి చొక్కాలు పాడు చేస్తున్నారని తిట్టిపోసేదాన్ని. దారంతో పూడ్చేదాన్ని. మళ్ళీ అక్కడే చిల్లు. ఎందుకండీ అంటే నవ్వేవారు, చెప్పేవారు కాదు." ఆవిడ ఉంగరాన్ని బొటనవేలితో నిమిరింది. "ఉంగరమే అయ్యుంటుంది కదూ? రాత్రంతా అక్కడే పిన్నుకి గుచ్చి పెట్టుకునుంటారు. నేనేమో పాతికేళ్ళూ ఆయన్ని ఆడిపోసుకున్నాను."

చిట్టి డాక్టరు నేల మీద కూర్చుని ఆవిడ మోకాళ్ళు చుట్టేసింది. అవునత్తయ్యా, అయ్యుంటుంది అంది. అంతే, ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. కొడుకు వెనకాల నిలబడి తల్లి భుజాలు నిమిరాడు. అమ్మకి తన మాట తనకే తప్పుగా తోచింది. దాన్ని ఏమీ ఒప్పించక్కర్లేదు వదినగారూ, అది అనుకున్నదే చదువుతుంది అంది కళ్ళొత్తుకుంటూ.

తేరుకున్నాక వియ్యపురాలే ముందు మాట్లాడింది. "పెళ్ళికి నీకు డ్యూటీ లేని రోజేదో చెప్పు తల్లీ. మిగతా అందరం నీకు తగ్గట్టు సర్దుకుంటాం."

డ్రాయింగ్ మాస్టారు కత్తెర తెచ్చి దారం కత్తిరించి ఉంగరం వేలికి తొడిగాడు. చెరువు చుట్టూ చెప్పుకోడానికి మంచి కథ దొరికిందని చెవిలో అన్నాడు. భోజనాలు చల్లారిపోతున్నా వియ్యపురాలు లేవలేదు. నల్లదారపు ఉండ అడిగి తీసుకుని ఫ్రిజ్ ముందు స్టూలేసుకుంది.

"రేపు మళ్ళీ డ్యూటీకి వెళ్ళాలిగా. ఆ ముడేదో నాకూ నేర్పు. ఈసారి నేను కడతాను."

మొదటి ముడి వేస్తుండగానే జారిపోయింది. తర్వాతది చిక్కుపడింది. వేళ్ళ సందుల్లోంచి దారం ఎలా తిప్పాలో అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని చూపించింది. ఆవిడ పెదవి కొరుక్కుంటూ ఇంకోటి వేసింది. చిట్టి డాక్టరు దాన్ని లాగి చూసింది. ఊడలేదు.

"ఊఁ," అంది.

ఆ ఊఁ విలువ ఈసారి అమ్మకి కూడా తెలిసింది.