పద్నాలుగో నాలుక

“నమలండి. అప్పుడే మింగకండి. ఇద్దరూ ఒక్కసారే మింగాలి… ఆఁ, ఇప్పుడు,” అంది డాక్టర్ కెజియా, చేతిలోని తెర మీంచి కళ్లు తిప్పకుండా.

మంచం మీద మల్లేశ్వరి, ఎదురు కుర్చీలో ఇన్నారెడ్డి మాస్టారు ఒకేసారి గుటక వేశారు. ఇద్దరి దవడల కిందా బొట్టుబిళ్లంత పట్టీలు పచ్చగా వెలుగుతున్నాయి. ఇద్దరి గిన్నెల్లోనూ ఒకే బెల్లం పరవాన్నం. మరుక్షణం మల్లేశ్వరి కళ్లు ఇంతింతయ్యాయి.

“అమ్మో మాస్టారూ! పరవాన్నమంటే మీకింత ప్రాణమా?”

మాస్టారు సిగ్గుపడిపోయాడు. షుగర్ వచ్చిన దగ్గర్నుంచి తొమ్మిదేళ్లుగా తీపి ముట్టని మనిషి. రెండంటే రెండు చెంచాలకి వాళ్ల డాక్టరు ఒప్పుకున్నాడు. తొమ్మిదేళ్ల ఆకలి ఆ రెండు చెంచాల్లో మల్లేశ్వరి నాలుక మీదికి వచ్చిపడింది. ఆ రెండు చెంచాల్నే మాస్టారు మెతుకు మెతుకుగా తింటుంటే, ఆవిడ గిన్నె ఖాళీ చేసింది.

బయట వరండాలో ఆవిడ భర్త ఏడుకొండలు మాత్రం ఆ చివర్నుంచి ఈ చివరికి, ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాడు. భార్య తిన్నందుకు సంతోషించాలా వద్దా? సంతోషంగానే ఉంది. కాని కాలు నిలవడం లేదు.

ఈ పట్టీల సంగతి ముందు చెప్పేస్తాను. యంత్రం పేరు ‘రసన’. ఇంకా ప్రయోగ దశలోనే ఉంది, నడిపేది కెజియా. కీమో మందు వేగంగా పెరిగే కణాలన్నిటి మీదా పడుతుంది. క్యాన్సర్ కణాలతో పాటు, పాపం, నాలుక మీద పది రోజులు తిరక్కుండా కొత్తగా పుట్టే రుచి కణాలూ దెబ్బతింటాయి. దాంతో అన్నం ఇనుపముక్కలా ఉంటుంది, నీళ్లు తుప్పులా ఉంటాయి. రసన చేసేదల్లా ఒక్కటే. ఆరోగ్యంగా ఉన్న మనిషి నాలుక నుంచి మెదడుకు వెళ్లే సంకేతాన్ని దవడ దగ్గర పట్టుకుని, రోగి దవడ దగ్గరున్న నరానికి అందిస్తుంది. తినేది రోగే, మింగేది రోగే. రుచి మాత్రం ఎదుటి మనిషిది, ఇష్టాయిష్టాలతో సహా. అందుకే ఇద్దరూ ఒకే గదిలో, ఒకే వంటకం, ముద్దకి ముద్దగా తినాలి. ఇరవై నిమిషాలకి దాత నాలుక మొద్దుబారుతుంది. ఆ రోజుకి ఇక ఆ మనిషి పనికిరాడు. కాబట్టి ఒక రోగికి ఒక దాత చాలడు, ఒక వీధి కావాలి.

గుంటూరులో కోల్డ్ స్టోరేజీల వెనకున్న ఆ వీధిలో దాతలకి కొదవ లేదు. ఎదురింటి మస్తాన్‌బీ వంతుల పట్టిక రాసి వీధి గ్రూపులో పెట్టింది. పదముగ్గురు పేర్లిచ్చారు. వంతు వచ్చినవాళ్లు ఇంట్లో వండుకుని, రెండు గిన్నెల్లో సర్దుకుని వచ్చేవాళ్లు. నాలుగు నెలల్లో యాభై రెండు కిలోల నుంచి నలభై ఒకటికి దిగిన మల్లేశ్వరి, రసన వచ్చాక మళ్లీ దిగలేదు.

దిగకూడదు కూడా. ఆసుపత్రి డాక్టరు తేల్చి చెప్పాడు. “గురువారం నాడు బరువు నలభై లోపు ఉంటే ఐదో కీమో ఇవ్వలేను. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేశాం. రొమ్ములో గడ్డ మన వాయిదాల కోసం ఆగదు.”

అయితే రసనతో ఒక చిక్కుంది. నోరు అబద్ధమాడుతుంది గాని నాలుక ఆడదు. మస్తాన్‌బీ పద్ధెనిమిదేళ్లుగా ఏటా ఒక జాడీడు గోంగూర పచ్చడి మల్లేశ్వరి దగ్గర పట్టుకెళ్లి “నీ చేతి పచ్చడే పచ్చడి” అనేది. మొదటి వంతులోనే ఆ పచ్చడి కలిపిన ముద్ద ఇద్దరూ నోట్లో పెట్టుకున్నారు. మల్లేశ్వరి మొహం ముడుచుకుపోయింది.

“అక్కా, నీకు గోంగూర ఇష్టం లేదా?”

“అదేం లేదే… కొంచెం పులుపు పడదు, అంతే,” అని నసిగింది మస్తాన్‌బీ. పద్ధెనిమిది జాడీల పచ్చడి ఏమైందో అడగకుండా ఇద్దరూ నవ్వుకున్నారు.

ఈ ముచ్చట విన్న రోజు నుంచే ఏడుకొండలికి వరండాలో నడక ఎక్కువైంది.

ఎందుకో తెలియాలంటే ఆయన గొప్ప గురించి చెప్పాలి. ఆ వీధిలో ఏ ఫంక్షన్ జరిగినా, సాంబారు దించే ముందు వంటమేస్త్రీ గరిటెడు తీసి ఏడుకొండలు చేతిలో పోయాల్సిందే. ఆయన చప్పరించి, ఒక్క క్షణం ఆగి, “ఉప్పు తగ్గింది” అనో “సరిపోయింది” అనో అంటే ఇక దానికి తిరుగులేదు. “మా ఆయన నాలుక తక్కెడ. చిటికెడు తేడా వచ్చినా పట్టేస్తారు,” అని మల్లేశ్వరి పదిమందిలో చెప్పుకుని మురిసిపోయేది. ఆవిడకున్న ఒకే ఒక్క బాధ, ఏం వండినా ఆయన పైనుంచి ఇంత కారం కలుపుకుంటాడని.

అంత గొప్ప నాలుక ఇంట్లోనే ఉంటే, వంతుల పట్టికలో దాని పేరు లేదు. మొదటివారం పన్ను నొప్పన్నాడు. తర్వాత శనివారం ఉపవాసమన్నాడు. ఆ తర్వాత డ్యూటీ అన్నాడు. కోల్డ్ స్టోరేజీలో లిఫ్ట్ నడిపే ఆయన డ్యూటీ వేళలు వీధిలో ఎవరికి తెలియవు గనక!

“ఏంది తమ్ముడూ ఇది?” అని మస్తాన్‌బీ ఒకరోజు గేటు దగ్గర పట్టుకుంది. “పరాయోళ్లం మేమొచ్చి తింటన్నాం. నువ్వేందయ్యా, గుమ్మంలో కాపలా మనిషి లెక్కన తిరుగుతా ఉంటావు? పెళ్లాం పక్కన కూర్చోని నాలుగు ముద్దలు తినలేవా?”

“తింటానక్కా… చూద్దాం,” అని తల వంచుకుని లోపలికెళ్లాడు.

మల్లేశ్వరి కిటికీలోంచి వింది. జుట్టంతా ఊడి, గోళ్లు నల్లబడి, నోట్లో పుళ్లతో ఉన్న తన ఎదురుగా కూర్చుని తినడం ఆయనకి అసహ్యంగా ఉందేమో అన్న అనుమానం ఆవిడలో పడింది. ఆ రోజు నుంచి ఆయన వస్తుంటే కండువా తల మీదికి లాక్కునేది. ఆయన గమనించాడు. గమనించి, చెప్పాల్సింది చెప్పలేక మళ్లీ వరండాలోకి పోయాడు.

ఒక మధ్యాహ్నం కెజియా పట్టీలు పెట్టెలో సర్దుకుంటుంటే దగ్గరికొచ్చాడు.

“డాక్టరమ్మా, ఈ యంత్రం కారం కూడా పంపుతుందా?”

“పంపదండీ. కారం అసలు రుచి కాదు, మంట. దాన్ని మోసుకెళ్లే నరం వేరు. రసన ఉప్పు, పులుపు, తీపి, చేదు, మాంసం పులుసులో ఉండే ఆ కమ్మదనం, ఇంతవరకే పట్టుకుంటుంది. అయినా అమ్మ నోట్లో పుళ్లున్నాయి, కారం ఎందుకు?”

“ఊరికే అడిగా,” అన్నాడు. ఆయన మొహం మాత్రం ఊరికే అడిగినట్టు లేదు. కెజియాకి ఆశ్చర్యమేసింది, కాని ఆసుపత్రిలో ఇంకో రోగి ఎదురుచూస్తున్నాడు.

ఆ ఆదివారం ఇన్నారెడ్డి మాస్టారి మనవరాలికి ఓణీల ఫంక్షన్ జరిగింది. వీధి వీధంతా వెళ్లింది. కూల్‌డ్రింకులు తాగారు, ఏసీ హాల్లో ఒకరి పక్కన ఒకరు కూర్చుని మూడు గంటలు ఫొటోలు దిగారు. మంగళవారం పొద్దున్నకి పదముగ్గురు దాతలకీ పదమూడు జలుబులు. కీమో పడిన మనిషికి జలుబు ఆషామాషీ వ్యవహారం కాదు. దగ్గుతున్న వాళ్లని గుమ్మం తొక్కనివ్వొద్దని ఆసుపత్రి నుంచి గట్టిగా చెప్పారు. మస్తాన్‌బీ ఎదురింటి మేడ మీంచి ముక్కు తుడుచుకుంటూ, “నా బుర్ర తగలెయ్య, వంతులేసిందాన్ని, అందర్నీ ఒక్క హాల్లోకి తోలుకుపోయానే!” అని నెత్తి కొట్టుకుంది.

మంగళవారం మల్లేశ్వరి రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. బుధవారం పొద్దున తూకం నలభై కిలోల వంద గ్రాములు. తెల్లారితే గురువారం.

కెజియా పరుగున వచ్చింది. ప్రయోగం నడిపే డాక్టరు తనే దాతగా కూర్చోకూడదని కమిటీ నియమం. ఆ వీధిలో ముక్కు కారని మనిషి ఒక్కడే కనిపించాడు. ఫంక్షన్‌కి వెళ్తే నీ వంతెప్పుడని అడుగుతారని, భార్యని చూసుకోవాలన్న వంకతో ఇంట్లోనే ఉండిపోయిన ఏడుకొండలు.

“ఇక మీరే ఉన్నారు. కూర్చోండి.”

“ఈ పూటకి వేరే ఎవరైనా…”

“డాక్టరమ్మా, ఆయన్ని బలవంతం చేయకండి,” అంది మల్లేశ్వరి గోడవైపు తిరిగి. “నన్ను చూస్తూ తినడం ఆయన వల్ల కాదు.”

ఏడుకొండలు నిలబడ్డచోటే ఆగిపోయాడు. ఇన్ని వారాల్లో మొదటిసారి ఆ కాళ్లు ఆగాయి. వచ్చి కుర్చీలో కూర్చుని దవడ చూపించాడు. “పెట్టండమ్మా.”

రెండు గిన్నెల్లో నెయ్యి వేసి మెత్తగా కలిపిన పప్పన్నం. ఉప్పు కొలత చెంచాతో వేసి తనే వండాడు. ఇద్దరూ ముద్ద పెట్టుకున్నారు. తెర మీద రుచి సంకేతాన్ని చూపించే గీత కదల్లేదు. కెజియా పట్టీ మార్చింది. గీత అలాగే ఉంది. ఆయన నాలుక మీద పంచదార వేసింది. తర్వాత ఉప్పు వేసింది. తర్వాత నిమ్మకాయ పిండింది. ఏడుకొండలు కన్ను కూడా ఆర్పలేదు. యంత్రం పాడైందనుకుని కెజియా పట్టీని తన దవడకే పెట్టుకుని నిమ్మచెక్క నాకి చూసింది. గీత ఎగిరి గంతేసింది.

ఆవిడ మెల్లిగా ఆయనవైపు చూసింది. మల్లేశ్వరి అప్పటికే చూస్తోంది.

“ఎప్పట్నుంచి?” అని అడిగింది.

“మన పెళ్లైన నాలుగో నెల్లో నాకు విషజ్వరం వచ్చింది, గుర్తుందా? అప్పట్నుంచి.”

“ఇరవై ఆరేళ్లా?”

“జ్వరం తగ్గాక నువ్వు మొదటిసారి పప్పన్నం పెట్టావు. ఇరవై రోజులు నిద్ర లేకుండా చాకిరీ చేసి చిక్కి సగమయ్యావు. ఉప్పు సరిపోయిందా అనడిగావు. ఆ మొహం చూసి, కారం మంట తప్ప నాకేమీ తెలియట్లేదని ఎలా చెప్పను మల్లీ? సరిపోయిందన్నా. రేపు చెబుదాంలే అనుకున్నా.”

“ఆ రేపు ఇప్పుడొచ్చిందా? మరి రోజూ ఉప్పు తక్కువ, పులుపు ఎక్కువని వంకలు పెట్టేవారే! అవన్నీ?”

“నిన్ను చూసి చెప్పేవాణ్ణి. కూర దించే ముందు నువ్వు అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాకుతావుగా. ఉప్పు తగ్గితే నీ కింది పెదవి ముందుకొస్తుంది. ఎక్కువైతే ఎడమ కన్ను చిట్లుతుంది. అన్నీ కుదిరితే తల కొంచెం ఇటు వాలుతుంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడేది అందుకే.”

“ఫంక్షన్లలో?”

“అక్కడ వంటమేస్త్రీ మొహం. ఉప్పు మరిచినవాడు గరిటె ఇస్తూ నా కళ్లల్లోకి చూడడు.”

కెజియాకి నవ్వొచ్చింది. ఆపుకుంది. మల్లేశ్వరికి మాత్రం కోపం, నవ్వు, ఏడుపు మూడూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కండువా జారిపోయినా సర్దుకోలేదు.

“ఇన్ని నెలలుగా నీ మొహంలో ఏమీ కనపడట్లేదు మల్లీ,” అన్నాడాయన. “ఏం తింటున్నానో నాకూ తెలియట్లేదు.”

మల్లేశ్వరి గిన్నె దగ్గరికి లాక్కుంది.

“ఇన్నేళ్లూ రుచి లేని అన్నం ఎలా మింగారో చెప్పండి. నాకూ నేర్పండి.”

“చిన్న ముద్ద. నీ బొటనవేలంత. పన్నెండుసార్లు నమలాలి, లెక్క తప్పకూడదు. లెక్క మీద ధ్యాస ఉంటే నాలుక మీద ఉండదు. ఆ తర్వాత ఎదుటి మనిషి మొహం చూడాలి.”

“మీ మొహంలో ఏముంటుంది నా బొంద?”

“ఉంటుంది చూడు,” అని ముద్ద నోట్లో పెట్టుకుని, పన్నెండు నమిలి, అచ్చం ఆవిడలాగే తల కొంచెం పక్కకి వాల్చాడు. మల్లేశ్వరి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే మింగింది. మూడో ముద్దకి ఆయన ఎడమ కన్ను చిట్లించాడు. ఎనిమిదో ముద్దకి గిన్నెలో సగం అయిపోయింది. పచ్చగా వెలుగుతున్న పట్టీలు ఒకరి నుంచి ఒకరికి ఏమీ మోయడం లేదు. సాయంత్రం మళ్లీ కూర్చున్నారు.

గురువారం తూకం నలభై కిలోల మూడు వందల గ్రాములు. ఐదో కీమో ఎక్కింది. మూడు వారాలకి ఆరోదీ అయింది.

కెజియా తన నివేదికలో ఉన్నదున్నట్టు రాసింది. దాత సంఖ్య పద్నాలుగు, సంకేతం సున్నా, రోగి తిన్నది నెల మొత్తం మీద అందరికంటే ఎక్కువ. ప్రయోగాన్ని చూసే పైనున్న కమిటీ ఆ వరుసని ఎర్రగీతతో కొట్టేసి, “పరికర లోపం, తొలగించాలి” అని రాసింది. కారణం చెబుదామంటే ఆవిడ నోటికి తాళం పడింది. “వీధిలో ఆయన పరువు పోతుంది డాక్టరమ్మా, మీ నోటెంట రాకూడదు,” అని మల్లేశ్వరి చేతిలో చెయ్యి వేయించుకుంది.

మరో నాలుగు నెలలకి గడ్డ జాడ లేదన్నారు. తలమీద చిన్న చిన్న వెంట్రుకలు మొలిచాయి. నాలుక దానంతటదే తిరిగొచ్చింది. ఆ రోజు మల్లేశ్వరి పొయ్యి ముందు నిలబడి టమాటా పప్పు దించబోతూ, అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాకింది. ఏడుకొండలు అలవాటుగా వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

ఆయన చూస్తున్నాడని ఆవిడకి తెలుసు. ఇప్పుడు తెలుసు మరి! పెదవి కదలనివ్వలేదు, కన్ను చిట్లనివ్వలేదు. గోడలాంటి మొహం పెట్టుకుని అడిగింది.

“ఉప్పు సరిపోయిందా?”

ఏడుకొండలు ఆ మొహాన్ని అటునుంచి ఇటునుంచి వెతికాడు. కాళ్లు మార్చాడు. ఇరవై ఆరేళ్లుగా నోటి చివర ఉన్న మాట ఈసారి రాలేదు.

“తెలీదు మల్లీ,” అన్నాడు. “నాకు తెలీదు. నువ్వే చెప్పాలి.”

ఆవిడ ఆయన్ని చూసి, కళ్లు తుడుచుకుని, గరిటె ఎత్తింది. “సరిపోయింది. కూర్చోండి.”

కూర్చుని తృప్తిగా రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఒక గిన్నెడు పప్పు ఎదురింటికీ వెళ్లింది. పది నిమిషాలకి మస్తాన్‌బీ గిన్నె పట్టుకుని గేటు దగ్గరికొచ్చింది.

“ఏమే మల్లేశ్వరీ, పప్పులో ఉప్పేసినట్టు లేదే! అసలు వెయ్యలా?”

నిజంగానే వెయ్యలేదు. మరిచిపోయింది. మొహం బిగబట్టిన ధ్యాసలో నాకిన చుక్కల రుచీ పట్టించుకోలేదు. కాని మల్లేశ్వరి తడుముకోకుండా గుమ్మంలోంచే జవాబిచ్చింది.

“ఆయన చూసి సరిపోయిందన్నారక్కా.”

మస్తాన్‌బీ గిన్నెలో వేలు పెట్టి మళ్లీ నాకింది. లోపల కంచం ముందున్న ఏడుకొండలు వైపు చూసింది. మూడోసారి నాకింది.

“తమ్ముడన్నాడా? అయితే సరిపోయినట్టే ఉందిలే,” అని, అనుమానంగా తన నాలుకనే చప్పరించుకుంటూ ఇంటికెళ్లిపోయింది.