ఐతోర్ మెంద్రానో ఇల్లరికాలు

అశ్విని మొదటిసారి మా ఆఫీసుకి నన్ను తిట్టడానికే వచ్చింది.

రావులపాలెంలో మాది కొరియర్ ఆఫీసు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేను. కౌంటర్లో కొత్తగా చేరాను. ఆదివారం కదా అని ఆ రోజు ఎర్రచారల ఫుట్‌బాల్ జెర్సీ వేసుకొచ్చాను. ఆ అమ్మాయి ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు బోర్లించింది. పూతరేకులు పొడిపొడిగా రాలాయి.

"బెంగళూరు దాకా వెళ్ళి తిరిగొచ్చాయండి. నేను పంపింది పూతరేకులా, బొంబాయి రవ్వా?"

"సారీ అండి. జాగ్రత్త అని స్టిక్కర్ కూడా వేశామండి."

"స్టిక్కర్ బాగానే ఉందండి. దానికేం దెబ్బ తగల్లేదు."

నేను రాలిన పొడి ఏరడానికి వంగాను. ఆవిడ నా జెర్సీ మీది పేరు చదివింది.

"మెంద్రానో ఫ్యానా మీరు?"

తల ఎత్తాను. ఐతోర్ మెంద్రానో స్పెయిన్ ఆటగాడు. ఎడమవైపు లైను వెంట, మనవాళ్ళు పొలం గట్టు మీద సైకిల్ తొక్కినట్టు, గీత దాటకుండా దూసుకుపోతాడు. గోదావరి ఇవతల ఆయన పేరు నాకొక్కడికే తెలుసనుకున్నాను.

"మీకెలా తెలుసండి?"

"రాజమండ్రిలో మా కాలేజీ టీములో బ్యాక్ ఆడాను. అలాంటివాళ్ళని ఆపడమే నా పని. అయినా ఆయన్ని ఆపక్కర్లేదు లెండి. ఆయన క్లబ్బే ఏటా ఇంకో క్లబ్బుకి పంపేస్తుంది."

"దాన్ని లోన్ అంటారండి."

"మా ఆత్రేయపురంలో వదిలించుకోవడం అంటారండి."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మర్నాటి నుంచి ఆవిడ పార్సిళ్ళు నేనే కట్టాను. మా అమ్మ కోడిగుడ్లు దాచే పద్ధతిలో, డబ్బాల చుట్టూ ఊక పోసి, మధ్యలో కదలకుండా కూర్చోబెట్టాను. వారానికి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. "ఒక్క రేకూ విరగలేదు. మెంద్రానో గోల్ వేశాడు. రెండూ నమ్మలేకపోతున్నాను."

అలా మొదలైంది. ఒక సాయంత్రం జోరువాన. అశ్విని బస్సు కోసం గొడుగు పట్టుకుని నిలబడింది. నేను మర్యాదగా గొడుగు అంచుకి ఇవతల నిలబడి తడుస్తున్నాను.

"మీరు కూడా ఎప్పుడూ లైను మీదేనా? లోపలికి రండి, సార్."

లోపలికి వెళ్ళాను. ఎడమ భుజం మాత్రం బయటే తడిసింది. ఆ బస్సు ఇంకాస్త లేటైతే బాగుండునని మొక్కుకున్నాను. అదొక్కటే ఆ రోజు టైముకి వచ్చింది.

మా నాన్న బుల్లియ్య మండపేట దగ్గర కౌలు సేద్యం చేస్తారు. నాన్నకి చెప్పకుండా ఏ పనీ చేసి ఎరగను. అశ్విని సంగతీ చెప్పాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని సంబంధం మాట్లాడటానికి నాతో ఆత్రేయపురం వచ్చారు.

అశ్వినిని పెంచింది వాళ్ళ మామ్మ రత్తమ్మగారు. పెరట్లో బోర్లించిన కుండల కింద కొబ్బరాకుల మంట, కుండల ముందు రేకులు తీసే ఆడవాళ్ళు. ఆవిడ మాకు కాఫీ ఇచ్చి నేరుగా విషయానికొచ్చారు.

"అబ్బాయి బుద్ధిమంతుడిలాగే ఉన్నాడండి. ఒక్కటే మాట. ఈ వ్యాపారం, ఈ మనుషులు అందరూ మా పిల్ల చేతిలో ఉన్నారు. అది ఊరు కదలదు. అబ్బాయే ఇక్కడికి రావాలి."

"ఇల్లరికమా అండి?"

"మరేటండి."

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. "డిగ్రీ చదివించి, రేపు మావాణ్ణి రత్తమ్మగారి మనవరాలి మొగుడని పిలిపించుకోమంటారా? మా ఇంటిపేరు ఏమైపోవాలండి?"

బయటికొచ్చేశాం. గేటు దగ్గర అశ్విని నా వైపు చూసింది. నేను నాన్న వంక చూశాను.

రాత్రి మెసేజ్ వచ్చింది. "బంతి మీ కాళ్ళ దగ్గరికే వచ్చింది. మీరు చూస్తూ నిలబడ్డారు."

నాలుగు రోజులు గడిచాయి. ఆదివారం పొద్దున్న టీ తాగుతూ ఫోన్లో మెంద్రానో హైలైట్స్ పెట్టాను. నాన్న అలవాటుగా పక్కకొచ్చి కూర్చున్నారు.

"ఏరా, మనోడు ఈ ఏడు ఎక్కడ?"

"కొండల మీద చిన్న ఊరు నాన్నా. మొదట వాళ్ళ రేవు ఊరి క్లబ్బు. తర్వాత పెద్ద క్లబ్బు కొనుక్కుంది, ఆడించలేదు. ఒకచోటికి పంపితే ఏడాదంతా బెంచీ మీదే. బెల్జియం పంపితే కాలు విరిగింది. పోర్చుగల్లో బాగా ఆడాడు, మళ్ళీ వెనక్కి పిలిచారు. ఇప్పుడీ కొండ ఊళ్ళో నెత్తిన పెట్టుకుంటున్నారు. బేకరీలో కూడా ఆయన ఫొటోయే అంట."

"పాపం. ఊరూరా ఇల్లరికమేరా ఆడికి." నాన్న ఫోను దగ్గరికి లాక్కున్నారు. "ఆళ్ళ నాన్న ఊరుకున్నాడా?"

"చేపలు పట్టుకునే మనిషి నాన్నా. ఏ ఊళ్ళో ఆడితే ఆ ఊరు వెళ్ళి కూర్చుంటాడంట."

తెరమీద మెంద్రానో గోల్ వేసి అటు తిరిగాడు.

"ఆ వీపు మీద రాసిందేంటి?"

"ఇంటిపేరు నాన్నా."

"ఎన్ని క్లబ్బులు మారినా అదేనా?"

"చొక్కా మారుద్ది గానీ అది మారదు నాన్నా."

నాన్న టీ మొత్తం తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చారు.

"అమ్మనడిగి ఆ చొక్కా ఇస్త్రీ చేయించు. వెళ్దాం."

ఈసారి పెరట్లో పెద్ద బేరమే సాగింది.

"ఊడ్పులకీ, కోతలకీ మావాణ్ణి వెనక్కి పిలిపించుకుంటామండి. స్పెయినోళ్ళ పద్ధతి అదే," అన్నారు నాన్న.

"ఆ స్పెయినోళ్ళు మనకేమవుతారు?" అన్నారు రత్తమ్మగారు.

"అవుతారండి. దూరపు చుట్టాలు."

"సరే. పెళ్ళిళ్ళ సీజన్లో మాత్రం వదలం. ఆర్డర్లుంటాయి."

"జ్వరమొస్తే ఎవరు చూస్తారండి?"

"ఎవరి దగ్గరుంటే వాళ్ళే. అందులో బేరమేంటి?"

"పేరు మాత్రం మా ఇంటిదే పిలవాలండి."

"మేము తినేస్తామా ఏంటండి మీ పేరు? పెళ్ళి కార్డులో పెద్దక్షరాలతో వేయించుకోండి."

నాన్న నవ్వారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు కుండ ముందు నుంచి అశ్విని లేచింది, రేకు తీసే పిండి గుడ్డ చేతిలోనే పట్టుకుని.

"అన్నీ అయిపోయాయా?"

"అయిపోయాయమ్మా," అన్నారు నాన్న.

"మామ్మ మాట్లాడింది. మీరు మాట్లాడారు మావయ్యగారూ. ఎక్కడో ఉన్న మెంద్రానో కూడా మాట్లాడాడు. ఈయన మాత్రం ఒక్క మాట అనలేదు. రేపు నాతో కాపురం చేసేది ఎవరండి, మీ ముగ్గురూనా?"

పెరడంతా నా వైపు తిరిగింది. నాన్న ముఖం చూశాను. అలవాటు. ఆయన తల అడ్డంగా ఊపి, 'నన్ను చూడకు' అన్నట్టు జామచెట్టు వైపు తిరిగారు.

"నాకు మీరంటే ఇష్టమండి," అన్నాను.

"వినపడలేదు," అన్నారు రత్తమ్మగారు.

"గట్టిగా చెప్పరా," అన్నారు నాన్న, జామచెట్టుతో.

"మీరంటే ఇష్టమండి! ఆ రోజు గేటు దగ్గరే చెప్పాల్సింది. భయపడ్డాను. నాన్న ఒప్పుకోకపోయినా మిమ్మల్నే చేసుకుంటానని చెప్పాల్సింది. ఇప్పుడు చెబుతున్నాను. మా నాన్న ఎదురుగానే."

అశ్విని ముఖం, మంట వేడికో మరి దేనికో, ఎర్రబడింది.

"అంత గట్టిగా అక్కర్లేదండి," అంది మెల్లగా. "నాకు మొదటిసారే వినపడింది."

ఇంతలో మాడిన వాసన. ఆడవాళ్ళందరూ మమ్మల్నే చూస్తున్నారు. కుండల మీద రేకులన్నీ నల్లగా ముడుచుకుపోతున్నాయి. ఒక్క రేకు మాడితే వీధి చివరిదాకా వినపడేలా తిట్టే రత్తమ్మగారు వాటి వంక చూశారు, మా వంక చూశారు.

"పోన్లెండి," అని, నాన్నకి ఇంకో కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళారు.