కురిడీల కొట్టులో మూడో కోటింగు

కొత్తపేట అవతల లంకలో కురిడీల కొట్టు ఒకటుంది. పొద్దు వాలేక ఎవరూ దాని పేరెత్తరు. అప్పట్లో అటక మీద కొబ్బరికాయలు పోసి, అవి లోపలే ఎండి కురిడీలయ్యేదాకా కింద కొబ్బరి డొక్కలు కాల్చి పొగ పెట్టేవోరు. ఓ సాయంత్రం అందరూ వెళ్లిపోయేరనుకుని బయట గొళ్ళెం పెట్టేసేరు. లోపల కూలికొచ్చిన వీరలక్ష్మి ఉండిపోయింది. తెల్లారి తలుపు తీస్తే… పొగకి ప్రాణం పోయి, గడప పక్కనే కూర్చునుందంట. ఎవరో పిలిస్తే లేచి వచ్చేసేటట్టు.

గొళ్ళెం పెట్టింది రాఘవులు నాన్న. లోకం ఎన్నైనా అంటాది, లోపల మనిషుందని తెలిసి ఆయన పెట్టలేదు. కావాలనే పెట్టేడన్నవాళ్ల గడప రాఘవులు యాభై ఏళ్లుగా తొక్కలేదు. ఇకముందూ తొక్కడు.

రాఘవులు తలుపులకి రంగులేసే మనిషి. సంతకం తప్ప అక్షరం రాదు గానీ, చేతిపనికి వంక పెట్టినవాడు లేడు — అచ్యుతరామయ్యగారు పెట్టేదాకా. రిటైరైన మేష్టారు. కొత్తింటి సింహద్వారానికి స్ప్రే పెయింటింగు కావాలన్నారు. రాఘవులు తన పెరట్లోనే కొట్టేడు. దుమ్ము పడింది, దోమలు అంటుకున్నాయి. మేష్టారు కళ్ళజోడు సర్దుకుని, గోటితో ఒక్కో దోమా చూపించి, "ఏమీ అనుకోకండి, అమలాపురం షాపుకి పంపించేద్దామండీ" అన్నారు. పక్కనున్న రాఘవులు అల్లుడు ప్రకాష్ నవ్వేడు. మామ మీద నవ్వే అల్లుణ్ణి ఏమనాలో రాఘవులుకి తెలుసు గానీ, అనకుండా దాచుకున్నాడు.

గృహప్రవేశం లోపు ఇంకొక్కసారి చేసి చూపిస్తానని బతిమాలి, తలుపు వెనక్కి తెచ్చుకున్నాడు. ఇదీ చెడితే నలభై ఏళ్ల పేరు ఆ దోమలతోనే పోతుంది.

దుమ్ము రాని గది కావాలి. పెరట్లో ఉన్నది నాన్న నాటి ఆ కురిడీల కొట్టొక్కటే. భార్య భవానీదేవి వద్దంటే వద్దంది. వినకపోయేసరికి అలిగి కె.గంగవరం చెల్లెలింటికి వెళ్లిపోయింది.

వెదురుగెడలు కట్టి, రొయ్యల చెరువులో పరిచే తెల్ల పట్టా చుట్టూ దించేడు. ఎవరో హోటలు వంటింట్లోంచి పీకి పారేసిన పొగ లాగే ఫ్యాను, వెనక గోడకి బిగించేడు. రంగు తుంపర ఫ్యానుకి పట్టకుండా దాని ముందు గోడంత వెడల్పున పాత తెల్లపంచెలు లాగి కట్టేడు. వాటి ముందే తలుపు నిలబెట్టేడు. ఇవతల గాలి వచ్చే కంతకి తడి చీర. ఒక్క మడత చాలన్నాడు ప్రకాష్. ఆ మాట ప్రకాష్ అన్నాడు గనక నాలుగు మడతలు వేసేడు రాఘవులు. థిన్నరు అంటుకుంటుందని బల్బు మాత్రం కిటికీ అద్దం బయటే పెట్టేడు.

పగలు ఓల్టేజీ చాలక కంప్రెషరు మొరాయిస్తుంది. అందుకని రాత్రి పదిన్నరకి లోపలికెళ్లి, గడియ పెట్టుకుని, ముక్కుకి తడి తువ్వాలు చుట్టుకున్నాడు.

మొదటి కోటింగు నున్నగా పడింది.

రెండోదానికి… పట్టా కదిలింది. నెమ్మదిగా లోపలికి వాలి, ఉబ్బి, మళ్లీ వెనక్కి. ఎవరివో గుండెలు ఊపిరి తీస్తున్నట్టు. రాఘవులుకి చెమట పట్టింది. మరుక్షణం తన మీద తనకే చిరాకేసింది. నాలుగు మడతల్లోంచి గాలి రాక, ఫ్యాను పట్టాని లాగుతోంది. అంతే కదా.

మూడో కోటింగు సగంలో ఉండగా ఫ్యాను ఒక్కటే ఆగిపోయింది.

బయటికి రావాలి. తెలుసు. కానీ సగంలో ఆపితే తలుపు మీద అతుకు తెలిసిపోద్ది. మేష్టారి కళ్ళజోడుకి దొరికిపోద్ది. ఇంకో నాలుగు చారలేగదా అనుకుని, గన్ను దించకుండా కొడుతూనే ఉన్నాడు. కళ్లు మండుతున్నాయి. థిన్నరు ఆవిరి తలకెక్కుతోంది.

అప్పుడు చూసేడు. ఫ్యాను లేదు… పట్టా మాత్రం ఇంకా ఊపిరి తీస్తోంది.

వాసన మారింది. థిన్నరు కాదు. డొక్కలు కాలిన పొగ.

రంగేస్తున్న తలుపు పక్కన ఎవరో దగ్గేరు. గొంతు తగ్గించి, పెద్దల ముందు దగ్గినట్టు.

"ఎవరండీ?" అన్నాడు, తనకే వినపడనంత చిన్నగా.

"ఆయ్…"

అదొక్కటే. పని చెప్పించుకునే మనిషి, వచ్చేనండీ అన్నట్టు.

ఆఖరి చార కొట్టేడు. గన్ను చేతిలోంచి జారింది. గడియ ఎటుందో తెలియలేదు. నేల అతని మీదికి లేచొచ్చింది.

తెల్లారి ప్రకాష్ వచ్చేసరికి మామ పెరట్లో, కొబ్బరి మట్టల మీద వెల్లకిలా పడున్నాడు. కొట్టు తలుపు బార్లా తీసుంది. గడప నుంచి అక్కడిదాకా రెండు మడమలు ఈడ్చిన గీతలు.

"నువ్వేనా లాగేవు?" అన్నాడు రాఘవులు, కళ్లు తెరిచి.

"అత్తయ్యగారు చూసి రమ్మంటే ఇప్పుడే వచ్చేనండీ."

రాఘవులు తడుముకుని లేచేడు. ముందు తలుపు చూడాలి. గోడ పట్టుకుని లోపలికి నడిచేడు. ఒక్క నలుసు లేదు, ఒక్క దోమ లేదు. మెరూను రంగులో అతని ముసలి మొహం కనపడుతోంది. ఇక అమలాపురం మాట ఎవరంటారో చూస్తాను అనుకున్నాడు.

ఇద్దరూ తలుపు ఎత్తి పక్కన పెట్టి, వెనక్కి తిరిగేరు.

పంచెల నిండా మెరూను తుంపర. మధ్యలో నిలువుగా, తలుపంత మేర తెల్లగా మిగిలిపోయింది. తలుపు అడ్డం ఉంటే రంగు అక్కడ పడదు, మామూలే.

దాని పక్కన ఇంకొకటి మిగిలింది.

తల. భుజాలు. ఒంటిని అంటిపెట్టుకున్న చేతులు. కింద చీర కుచ్చెళ్లు. రాఘవులు ఛాతీ ఎత్తు మనిషి.

ప్రకాష్ గడప దాకా వెనక్కి జరిగేడు. "ఎవరన్నా అడ్డం నిలబడ్డారా, మావయ్యగారూ?"

రాఘవులు దగ్గరికెళ్లి ఆ అంచు వెంట వేలు నడిపించేడు. టేపు అంటించి తీసినట్టు నిక్కచ్చిగా ఉంది. మూడు కోటింగులకీ వెంట్రుకవాసి కదలకుండా నిలబడితే తప్ప అంత శుభ్రమైన అంచు రాదు. ఆ సంగతి అతనికి తెలిసినంతగా ఆ లంకలో ఎవరికీ తెలియదు.

కుడిచెయ్యి దగ్గర మాత్రం అంచు చెదిరింది. రెండు కోటింగుల దాకా చెయ్యి కిందే ఉంది. మూడోదానికి…

అతని వైపు చాచింది.