మైక్ ఆన్‌లోనే ఉంచండి

ఉదయం తొమ్మిదీ పదికి లెవెల్ క్రాసింగ్ గేటు పడింది. ఆగిన బూడిదరంగు కారు పక్కకి ఒక మోటార్‌సైకిల్ వచ్చి నిలబడింది. రైలు మోతలో మూడు తుపాకీ గుళ్ళు ఎవరికీ వినిపించలేదు. గేటు లేచేసరికి మోటార్‌సైకిల్ లేదు. కారు నడుపుతున్న కొరియర్ స్టీరింగ్ మీద తల వాల్చి చనిపోయి ఉన్నాడు.

"నెల రోజుల్లో ఇది మూడోది," అన్నాడు చీఫ్. "కారు వెళ్ళే దారి ముగ్గురికే తెలుసు. రాసిన మామ్మగారికి, నడిపిన వాడికి, దేవుడికి."

"దేవుణ్ణి అనుమానించలేం కదా సార్," అన్నాడు ఏజెంట్ నలభై రెండు. అతనికి కుర్చీలో కుదురుగా కూర్చోవడం రాదు. ఇవాళ మరీ కాలుకాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు.

"విదేశీ ముఠాకి కోడ్ తయారుచేసిన ఇంజనీర్ మనవైపు వచ్చేశాడు. ఈ సాయంత్రం అతన్ని ఎయిర్‌పోర్టుకి తరలిస్తున్నాం. విమానం ఇవాళే ఉంది, ఆపడానికి వీల్లేదు. సాయంత్రం నాలుగయ్యేలోపు లీకు ఎక్కడో పట్టుకో."

"డ్రైవర్ ఎవరు?"

చీఫ్ బల్లమీది పేపర్‌వెయిట్‌ని ఒకసారి అటు తిప్పి ఇటు తిప్పాడు. "మీ అన్నయ్య."

నలభై రెండు తిరగడం ఆపేశాడు. డ్రైవర్లకి పని ఎందుకో చెప్పకూడదన్నది డిపార్ట్‌మెంట్ నియమం. అన్నయ్యకి ఇవాళ ఎవరిని ఎక్కిస్తున్నాడో కూడా తెలియదు. కారెక్కాక ఫోనూ రేడియో రెండూ కట్టేస్తాడు. అంటే ఒకసారి బయలుదేరితే దేవుడు పిలిచినా పలకడు.

మధ్యాహ్నం రెండున్నరకి, కేబుల్ మెకానిక్ వేషంలో, భుజాన నిచ్చెనతో నలభై రెండు మామ్మగారి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎడమవైపు మీసం ఊడుతోంది నాయనా," అంటూ గుసగుసగా ఆహ్వానించింది ఆవిడ.

ముప్పై ఏళ్లుగా డిపార్ట్‌మెంట్‌లో ప్రతి రహస్య ప్రయాణానికీ దారి రాసేది మామ్మగారే. కాలు విరిగి ఆరు వారాలుగా ఇంట్లో చక్రాల కుర్చీలో కూర్చుని రాస్తోంది. ఆవిడకి కంప్యూటర్ మీద నమ్మకం లేదు. పెన్సిల్‌తో కాగితం మీద రాస్తుంది, పైకి రెండుసార్లు చదువుతుంది, కవరులో పెట్టి సీలు వేస్తుంది. కన్ను దాటేసిన తప్పుని చెవి పట్టుకుంటుందని ఆవిడ సిద్ధాంతం. కొత్తగా చేరిన ప్రతి ఏజెంటుకీ ఈ పద్ధతిని పాఠంగా చెబుతారు.

సోదా చేసేటప్పుడు నోరు విప్పకూడదు. నలభై రెండు జేబులోంచి పెన్ను తీశాడు. ట్రాన్స్‌మీటర్ దగ్గరికి వెళ్తే అది వణుకుతుంది. గోడగడియారం, దీపం, పూలకుండీ, చక్రాల కుర్చీ అడుగు, చివరికి మామ్మగారి కాలికట్టు కూడా చూశాడు. పెన్ను చలించలేదు. గోడలకి చెవులుంటాయంటారు గానీ ఈ గోడలకి లేవు. గడియారం మూడుంపావు చూపిస్తోంది. అన్నయ్య ఇప్పుడే ఇంజన్ స్టార్ట్ చేసి ఉంటాడు.

మామ్మగారు మాత్రం బల్లమీద లాప్‌టాప్‌లో పదకేళి పూర్తిచేస్తోంది. అతని చూపు గమనించి, చీటీ మీద రాసి చూపించింది: "దీనిలో ఒక్క రహస్యం లేదు. ఫోటోలు, పదకేళి. అంతే."

అతను ఇంకో గదిలోకి వెళ్ళబోయి ఆగాడు. తెరమీద కింద, గడియారం అంకెల పక్కన, గోరంత మైక్ బొమ్మ ఉంది. పదకేళిని మౌస్‌తో ఆడుతున్నారు. మరి మైక్ దేనికి?

సెట్టింగ్స్ తెరిచి ప్రైవసీలోకి వెళ్ళాడు. మైక్ వాడుకునే యాప్‌ల జాబితాలో ఒకే ఒక్క పేరు ఉంది. పాత ఫోటోలకి రంగులు వేసే యాప్. దానికి మైక్ ఉంది, కెమెరా ఉంది, లొకేషన్ ఉంది, మూసినా వెనకాల నడిచే అనుమతీ ఉంది. ఫోటోకి రంగు వేయడానికి చెవులెందుకు?

తెరిచిన తలుపు కనిపిస్తే మూసేయడం అతనికి ట్రైనింగ్‌లో ఒంటపట్టిన అలవాటు. ఆలోచించకుండా 'అన్ని అనుమతులూ తొలగించు' నొక్కేశాడు. మైక్ బొమ్మ మాయమైంది.

"ఎవరు పెట్టారిది?" అన్నాడు పైకి.

"నా కాలికి థెరపీ చేసే అమ్మాయి. మా వారి ఫోటోకి రంగు వేసిపెట్టింది. అనుమతించాలా, అనుమతించాలా అని అది నాలుగుసార్లు మర్యాదగా అడిగింది నాయనా. కాదనడం బాగోదని అన్నిటికీ సరే అన్నాను." ఆవిడ చేతిలోంచి పెన్సిల్ జారిపోయింది. "ఇవాళ పొద్దున కూడా రెండుసార్లు చదివాను. వంతెన మీదుగా, నాలుగూ పదికి."

నలభై రెండు చీఫ్‌కి ఫోన్ చేశాడు. మూడు ముప్పై ఐదైంది. వంతెన దగ్గర మన మనుషుల్ని ఎవరికీ కనబడకుండా మోహరించాలంటే యాభై నిమిషాలు పడుతుందని జవాబు. మన ఆఫీసు వెనక పాత ఇటుకబట్టీ దగ్గరైతే ఐదు నిమిషాలు చాలట.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. స్విచ్ ఆపేశాడు సరే, వాళ్ళు వినాల్సింది ఎప్పుడో వినేశారు. ఇక వంతెన దగ్గరున్న వాళ్ళని కదిలించగలిగేది ఒకటే ఉంది.

"మామ్మగారూ, దారి మారితే మీరేం చేస్తారు?"

"సవరణ రాసి, అదీ రెండుసార్లు చదువుతాను."

"ఇటుకబట్టీకి మార్చండి. వాళ్ళు వినాలి."

మళ్ళీ మైక్ ఆన్ చేయబోయాడు. తెరమీద పెట్టె వచ్చింది: యజమాని పాస్‌వర్డ్ ఇవ్వండి. ఆపడానికి ఎవరైనా ఆపవచ్చు. తిరిగి ఇవ్వడం యజమాని వల్లే అవుతుంది. యజమానిగా నమోదైంది మామ్మగారు కాదు, ఆ థెరపీ అమ్మాయి. ముల్లుని ముల్లుతో తీద్దామంటే ముల్లు ఇంకొకరి చేతిలో ఉంది.

మూడు నలభై ఐదుకి బెల్ మోగింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర కోటు, గదినిండా సెంటు వాసన. రోజూ ఇదే వేళకి వచ్చే థెరపిస్ట్ తెరవంక ఒకసారి, అతని చేతిలోని పిస్టల్ వంక ఒకసారి చూసి కళ్ళద్దాలు తీసింది.

"కాల్చకండి. మీ డిపార్ట్‌మెంట్ ఫైల్లో కూడా నా పేరుంది. ఇన్‌ఫార్మర్‌ని."

"వాళ్ళ ఫైల్లో?"

"అక్కడా ఉంది." ఆమె నవ్వబోయి మానుకుంది. "వినడం వరకే అన్నారు నాతో."

"ముగ్గురు పోయారే అమ్మాయ్," అంది మామ్మగారు. "ఆరు వారాలు నా కాలు ఒళ్ళో పెట్టుకుని నొక్కావు. నడిపిస్తానన్నావు. నా నోటితోనే వాళ్ళని చంపించావు."

ఆమె తల దించుకుంది.

"పాస్‌వర్డ్ కొట్టండి," అన్నాడు నలభై రెండు. "ఆ కార్లో ఉన్నది మా అన్నయ్య. ఈ మాట డ్యూటీలో అనకూడదు. అయినా అంటున్నాను."

"కొడితే?"

"గంటసేపు మీ వెనక ఎవరూ రారు. నా బాధ్యత."

ఆమె వంగి కీబోర్డు మీద వేళ్ళు ఆడించింది. "ఇంతసేపు చప్పుడు లేకపోతే లాప్‌టాప్ మూశారనుకుంటారు. అనుమానం రాదు," అంది. స్విచ్ నీలంగా మారింది. గోరంత మైక్ బొమ్మ మళ్ళీ వచ్చి కూర్చుంది.

మామ్మగారు గొంతు సర్దుకుంది. "సవరణ. వంతెన రద్దు. కారు నాలుగూ పదికి పాత ఇటుకబట్టీ మీదుగా వెళ్తుంది."

మొదటిసారి చక్కగా సాగింది. రెండోసారి "కారు" దగ్గర ఆవిడ ఆగిపోయింది. నలభై రెండు థెరపిస్ట్ పెదవులనే చూస్తున్నాడు. ఆమె ఒక్క అక్షరం పలికితే అన్నయ్య లేడు. ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుని, మామ్మగారి మోకాలి మీద నెమ్మదిగా చెయ్యి వేసింది. మామ్మగారు ఆ చేతిని తోసేయలేదు, పట్టుకోలేదు. మిగిలిన వాక్యం పూర్తిచేసింది.

తర్వాత ఎదురుచూడటం తప్ప పనిలేదు. థెరపిస్ట్ చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. నాలుగైంది. నాలుగూ పది దాటింది. నలభై రెండు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి విరగ్గొట్టాడు.

నాలుగూ పద్దెనిమిదికి ఫోన్ మోగింది. అతను వరండాలోకి పరుగెత్తి అందుకున్నాడు.

"ఇటుకబట్టీ దగ్గర ఐదుగురు దొరికారు," అన్నాడు చీఫ్. "వంతెన దగ్గర కాపలావాడు చెప్పాడు, వాళ్ళ వ్యాన్ అక్కణ్ణుంచి కదిలిన పది నిమిషాలకే మన కారు వంతెన ఎక్కిందట."

 నలభై రెండు లోపలికెళ్ళి, మైక్, కెమెరా, లొకేషన్ అన్నీ ఒక్కొక్కటే ఆపాడు.

ఆ సాయంత్రం అన్నయ్య ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ ఆవులించాడు.

"ఖాళీ రోడ్డురా, నిద్రొచ్చేసింది. నువ్వేం చేశావివాళ?"

"ఒక యాప్‌కి మైక్ పర్మిషన్ ఆపాను. మళ్ళీ ఇచ్చాను. మళ్ళీ ఆపాను."

అన్నయ్య జాలిగా చూశాడు.

"దానికి జీతం కూడా ఇస్తున్నారట్రా?"