కడిగిన గోడలు

ఫొటోలు తీసేవాళ్లంతా కంపెనీ మనుషులు. ఈ విషయంలో టైలర్‌కు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కరెంటు తయారుచేసే బొగ్గు ప్లాంటు ఏళ్ల తరబడి అతని వీధి మీద బూడిద పోస్తోంది. తెల్లబట్ట కుట్టి మిషన్ మీంచి దించేలోపే రంగు మారుతుంది. కిందటిసారి వచ్చినవాడు మాత్రం వాన వెలిసిన పూట చూసి ఫొటోలు తీశాడు. ఆ పచ్చటి చెట్లు కంపెనీ క్యాలెండర్‌కెక్కాయి.

ఇప్పుడు కెమెరాతో ఒక అమ్మాయి దిగింది. టైలర్ ఇంట్లోనే, మేడమీద గదిలో అద్దెకు. బూడిద మీద వేసిన విచారణ కమిటీకి ఫొటోలు చూపిస్తుందట.

"టైలర్ గారూ, మీ మొహానికి నవ్వు కొలతలు తీసుకోలేదా?"

"గిరాకీ లేదు."

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు బాగుంది. అందుకే అనుమానం ఇంకా పెరిగింది.

విచారణ దగ్గరపడ్డాక పట్టుబట్టి ఫొటోలు చూశాడు. తళతళలాడే గోడలు, తుడిచిన అరుగులు, నిగనిగలాడే ఆకులు. అతని ఒళ్లు మండింది.

"కంపెనీవాళ్లు మీకేమవుతారు?"

"అది నేనడగాలి! బూడిదని ఫిర్యాదు పెట్టింది మీరు. పొద్దున లేచి చూస్తే వీధి అద్దంలా ఉంటోంది. కమిటీకి ఏం చూపించను? మిమ్మల్ని నమ్మి వచ్చాను."

ఇద్దరూ ఒకరినొకరు దొంగను చూసినట్టు చూసుకున్నారు.

"ఎందుకర్రా ఆ అరుపులు?" తడి చీపురుతో అమ్మ వచ్చింది. "తెల్లారకముందే ఆడవాళ్లమంతా కలిసి కడుగుతున్నాం. ఆకులు కూడా తుడిచాం. పిల్ల పనిగట్టుకుని ఫొటోలకొస్తే మురికి చూపిస్తామా?"

"అమ్మా! తియ్యాల్సింది ఆ మురికినే!"

"ఇల్లెలా ఉంచుకుంటామో రేపటి కోడలు చూడొద్దూ?" అనేసి అమ్మ నాలిక కరుచుకుంది.

అమ్మాయి కెమెరా వెనక మొహం దాచుకుంది.

టైలర్ ఇల్లిల్లూ తిరిగి చీపుళ్లన్నీ పట్టుకొచ్చి గదిలో పెట్టి తాళం వేశాడు. బూడిద పడింది. అరుగుల మీద, ఆకుల మీద, అతని మీసం మీద.

"కదలకండి. తుడుచుకోకండి," అందామె ఫోకస్ సరిచేస్తూ.

"విచారణ అయ్యాక వెళ్లిపోతారా?"

"వెళ్లమంటారా?"

"నేను అనుమానం మనిషిని. కళ్లెదురుగా ఉంటేనే నమ్ముతాను."

"అయితే ఉంటాను."

ఫొటోలు చూసిన కమిటీ, బూడిదను ఆపేదాకా ప్లాంటు నడపకూడదంది. టైలర్ కంపెనీని మాత్రం క్షమించలేదు.

పెళ్లిలో బంధువులు చుట్టూ చేరారు. "నువ్వు కంపెనీ మనిషన్నది ఈ పిల్లనేనటగా?"

పెళ్లికూతురు నవ్వు ఆపుకోలేక తల వంచుకుంది.

"ఆ సంగతి నేను మాట్లాడను," అన్నాడు టైలర్. "ఇవాళే కాదు, ఎప్పటికీ."