మెడలో దాచుకున్నది

పొద్దున్న ఏడున్నరకి టీ కప్పు మళ్ళీ నేలపాలైంది.

"ఈ నెలలో ఇది నాలుగోది!" వంటింట్లోంచే అరిచింది టీచరమ్మ. ఆవిడ గొంతు లేచిందంటే బళ్ళో పక్క తరగతి పిల్లలు కూడా నోళ్ళు మూసుకుంటారు. "నిన్న పట్టించింది ఇంకా దిగలేదా?"

ఆమె భర్త వడ్రంగి. వంగి పెంకులు ఏరబోయాడు. వేళ్ళకి పట్టు చిక్కలేదు. చెయ్యి జేబులో పెట్టుకుని పనికి వెళ్ళిపోయాడు.

మూడు నెలలుగా ఇదే వరస. నడిస్తే తూలడం, మాట ముద్దగా రావడం, మంచినీళ్ళు తాగినా పొలమారడం. "తాగుతున్నారా?" అని ఒకరోజు మొహం మీదే అడిగేసింది. అవునన్లేదు, కాదన్లేదు. వాసనేమీ రావడం లేదే అని అనుమానం తగిలినా కోపం ముందు అది నిలవలేదు. అప్పట్నుంచి ఇంట్లో పలకరింపులన్నీ తిట్లే.

అతను భోజనం డబ్బా మర్చిపోయాడు. బడికి వెళ్తూ ఇచ్చిపోదామని చెక్కపని షెడ్డు దగ్గర ఆగింది. రంపం మరిది చేతిలో ఉంది. ఇరవై ఏళ్ళుగా పనంతా తన చేతి మీద నడిపిన భర్త ఒక మూల కూర్చుని చెక్కముక్కకి గరుకుకాగితం రుద్దుతున్నాడు.

"తాగినవాళ్ళ చేతికి రంపం ఇవ్వకూడదని నీకైనా తెలిసింది, సంతోషం," అంది మరిదితో.

మరిది రంపం ఆపేశాడు. "చాలు వదినా! అన్నయ్య చుక్క కూడా ముట్టుకోలేదు."

"ఒరేయ్, నోరు ముయ్," అన్నాడు అన్న.

"మూడు నెలలు మూశాను. ఇక నావల్ల కాదు." సొరుగు కింద పెట్టిన పెద్ద కవరు తీసి వదిన చేతికిచ్చాడు. "స్కాను. మెడ పైన, తల వచ్చి వెన్నుపూస మీద కూర్చునే చోట నీటితిత్తి ఉందట. క్యాన్సరు కాదుగానీ నరాల్ని నొక్కేస్తోందట. ఆపరేషన్ చేయించమన్నారు."

ఆమెకి ఒళ్ళంతా మండిపోయింది. "తెలిసి దాచావా?"

"ఒట్టు వేయించుకున్నాడు వదినా."

"నీ ఒట్టు తగలెయ్య! మీ అన్న పోయాక చెప్పేవాడివా?" భర్త వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఇంట్లో నేనెవర్ని?"

"మెడలో కత్తి పెట్టాక ఏదైనా తేడా వస్తే చేతులు పడిపోవచ్చన్నారు," అన్నాడతను తల వంచుకుని. "చేతుల్లేని వడ్రంగిని ఏం చేసుకుంటావు?"

"ఇప్పుడేం ఉన్నాయి చేతులు? కప్పు పట్టుకోలేని చేతుల్నా కాపాడుకుంటున్నారు? లేవండి!"

ఆ రోజు బడి లేదు, పని లేదు. ఇద్దర్నీ ముందు పెట్టుకుని ఆస్పత్రికి నడిపించింది.

సర్జను ఒక నడివయసు ఆవిడ. స్కాను చూసి తేలిగ్గా అర్థమయ్యేలా చెప్పింది. "ఇది చెడ్డ గడ్డ కాదు. కూర్చున్న చోటే చెడ్డది. మింగడానికీ, ఊపిరికీ, కాళ్ళూచేతులకీ వెళ్ళే నరాలన్నీ ఆ ఇరుకులోంచే పోవాలి. మెడ వెనకనుంచి వెళ్ళి, కొంచెం ఎముక తీసి తిత్తిని తొలగిస్తాం. నరానికి అతుక్కున్న పొర ఉంటే లాగం, వదిలేస్తాం. ప్రమాదం లేదని అబద్ధం చెప్పను. ఆగితే మాత్రం ఇంకా ప్రమాదం. పొలమారడం ఎప్పట్నుంచి?"

అతను నోరు తెరిచేలోపు టీచరమ్మే చెప్పింది. "మూడు నెలల నుంచండీ. ఆత్రంగా మింగుతున్నారని... తిట్టేదాన్ని." ఆ చివరి మాట ఆమెకే సరిగా వినపడలేదు.

వారం తిరక్కుండా ఆపరేషన్ అయింది. అయిదు గంటలు పట్టింది. బయట బల్ల మీద మరిది "వదినా" అని ఏదో అనబోతే, "నాతో మాట్లాడకు" అంది. కానీ అతని మణికట్టు పట్టుకున్న చెయ్యి మాత్రం తలుపు తెరుచుకునేదాకా వదల్లేదు.

మూడోరోజు, మెడకి పట్టీతో పడుకున్న భర్త పక్కన కూర్చుంది. కుడిచేతి వేళ్ళు బాగానే ముడుస్తున్నాడు. ఎడమచేతికి ఇంకా టైము పడుతుందన్నారు. నీళ్ళు చెంచాతో తాగించింది. పొలమారలేదు. అప్పుడు మళ్ళీ పొంగుకొచ్చింది కోపం.

"తాగుబోతు అనిపించుకోవడమే నయమనిపించిందా మీకు? ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"నువ్వు తిడుతుంటే ధైర్యంగా ఉండేది," అన్నాడు మెల్లగా. "రేపో మాపో పోయేవాణ్ణి ఎవరైనా అలా తిడతారా? నాకింకా చాలా రోజులున్నట్టే అనిపించేది. నీకు తెలిస్తే తిట్టడం మానేస్తావు. మెత్తగా మాట్లాడతావు. అది వినలేననిపించింది."

ఆమె అతని అరచేతిలో మొహం పెట్టుకుని భోరుమంది.

"అదుగో," అన్నాడతను, "మానేశావు."

"బుద్ధి లేదు మీకు," అంది వెక్కుతూనే. "మీకూ, మీ తమ్ముడికీ... ఇద్దరికీ లేదు."

తడిసిన ఆమె చెంపని అతని వేళ్ళు, ఒక్కొక్కటిగా, తుడిచాయి.